సంఘ భాండాగారానికి వేళ తప్పని బ్యాకప్: సర్వసభ్య సమావేశ తీర్మానం

విషయం: సంఘ కార్యాలయంలో నాస్ అని మనం పిలుచుకునే నెట్‌వర్క్ స్టోరేజీ పెట్టెలో ఉన్న ఫొటోలు, వీడియోలు, ప్రత్యేక సంచికలు, లెక్కల పత్రాలకు నిర్ణీత వేళల్లో బ్యాకప్ తీసే విధానం.

ప్రతిపాదించినవారు: భాండాగార ఉపసంఘం. బలపరచినవారు: కోశాధికారి, తెలుగుబడి సమన్వయకర్త.

పీఠిక

టెక్సాస్‌లో గల్ఫ్ తీరానికి దగ్గరగా ఉన్న ఈ ఊళ్లో తెలుగువాళ్లు కలిసి ఉగాది చేసుకోవడం మొదలైన నాటినుంచి పోగైనదంతా ఇప్పుడు ఒక చిన్న పెట్టెలో ఉంది. వీహెచ్‌ఎస్ క్యాసెట్ల నుంచి ఎక్కించిన నాటకాలు, మినీ డీవీ టేపుల మీద తీసిన సంక్రాంతి ముగ్గుల పోటీలు, వార్షిక సంచికలు, తెలుగుబడి పాఠాలు, ఇండియా నుంచి వచ్చిన కవులతో జరిపిన గోష్ఠుల ఆడియోలు అందులోనే ఉన్నాయి. 1970లలో ఇక్కడికి వచ్చిన పెద్దలు తమ మొదటి రోజుల గురించి చెప్పిన మాటలూ ఉన్నాయి. అలా చెప్పినవారిలో కొందరు ఇప్పుడు లేరు. పోతే మళ్లీ సంపాదించలేని వస్తువులు సంఘానికి ఇంకేమున్నాయని వెతికితే పెద్దగా కనబడవు. మైకులు కొనుక్కోవచ్చు, తెరలు కుట్టించుకోవచ్చు.

ఆ పెట్టెలో రెండు డిస్కులు ఉన్నాయి. ఒకదానిలో రాసిందే రెండోదానిలోనూ పడుతుంది. అందువల్ల "రెండు కాపీలు ఉన్నాయిగా, ఇంకేం కావాలి" అనే మాట సమావేశాల్లో తరచు వినిపిస్తోంది. ఈ సభ ఆ వాదనతో ఏకీభవించడం లేదు. డిస్కులను ఇలా జత కట్టే రెయిడ్ పద్ధతికి ఆ పేరు పెట్టిన పత్రాన్ని 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ వెలువరించారు. చౌక డిస్కులను కలిపి ఖరీదైన డిస్కుకు దీటుగా నడిపించడం, ఒకటి చెడినా పని ఆగకుండా చూడడం వారి ఉద్దేశం. డిస్కు చెడిపోవడం ఒక్కటే మన భయమైతే ఆ పద్ధతి చాలును. కానీ ఎవరో పొరపాటున ఒక ఫోల్డరు చెరిపితే అది రెండు డిస్కుల్లోనూ అదే క్షణాన చెరిగిపోతుంది. దొంగ పెట్టెను ఎత్తుకుపోతే రెండూ కలిసే పోతాయి.

ఈ విషయంలో మనకంటే ఎంతో పెద్ద సంస్థలకు జరిగినవి సభ ముందుకు వచ్చాయి. వాటిలో రెండు కథలు కొంచెం వివరంగా నమోదు చేయవలసినవి.

1998లో కాలిఫోర్నియాలోని పిక్సార్ స్టూడియోలో 'టాయ్ స్టోరీ 2' తయారవుతుండగా ఎవరో సర్వర్ మీద చెరిపివేత ఆదేశం నడిపారు. తెర మీద చూస్తున్నవాళ్లకు ముందు ప్రధాన పాత్ర వుడీ టోపీ మాయమైంది, తర్వాత పాత్రలే ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. ఆపేలోగా సినిమాలో దాదాపు 90 శాతం పోయింది. బ్యాకప్ టేపులు ఉన్నాయి కదా అని వాటిని తీస్తే, సుమారు నెల రోజులుగా అవి సరిగ్గా రాయడమే లేదని తేలింది. ఆ సినిమాను కాపాడింది ఏ విధానమూ కాదు. పసిబిడ్డ ఉన్న కారణంగా ఇంటినుంచి పనిచేస్తున్న సాంకేతిక పర్యవేక్షకురాలు గేలిన్ సస్మన్ ఇంటి కంప్యూటరులో ఒక కాపీ ఉంది. దాన్ని దుప్పట్లలో చుట్టి కారులో స్టూడియోకి తెచ్చుకున్నారు. ఇక్కడ గమనించవలసింది ఆ నెల రోజులు. టేపులు తిరుగుతూనే ఉన్నాయి, అంతా సవ్యంగా ఉందని అందరూ నమ్ముతూనే ఉన్నారు.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు తప్పు సర్వర్ మీద డేటాబేసును చెరిపేశాడు. ఆ సంస్థకు బ్యాకప్ పద్ధతులు ఒకటి కాదు, ఐదు. అవసరం పడిన రాత్రి అవేవీ నమ్మదగినట్టుగా పనిచేయలేదు. రోజువారీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ తేడా వల్ల విఫలమవుతూ వచ్చింది. విఫలమైనప్పుడల్లా ఈమెయిలు వెళ్లాలి. ఆ ఈమెయిళ్లను అందుకునే సర్వరు సరైన ధ్రువీకరణ లేదని తిప్పికొట్టింది. అంతకు సుమారు 6 గంటల ముందు వేరే పనికోసం తీసిన ఒక కాపీ వాళ్లను గట్టెక్కించింది, ఆ 6 గంటల డేటా మాత్రం పోయింది. ఫిర్యాదు రాలేదు కాబట్టి అంతా బాగుందనుకోవడం ఎంత ప్రమాదమో దీనికంటే తేటగా చెప్పలేం. ఈ తీర్మానంలోని హెచ్చరిక నిబంధన అక్కడినుంచే పుట్టింది.

మన దగ్గర ఉన్నటువంటి చిన్న పెట్టెల చరిత్ర కూడా ఏమంత భరోసా ఇవ్వదు. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ పెట్టెలు ఇంటర్నెట్ మీదుగా వచ్చిన ఆదేశాలతో ఎక్కడికక్కడ ఖాళీ అయిపోయాయి. 2015 తర్వాత ఆ మోడలుకు కంపెనీ సాఫ్ట్‌వేర్ నవీకరణలు ఇవ్వడం మానేసింది. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ క్యూనాప్ పెట్టెల్లోని ఫైళ్లకు తాళం వేసి, ఒక్కొక్కరి దగ్గర 0.03 బిట్‌కాయిన్ అడిగింది. దాడి జరిగింది ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన పెట్టెల మీదే.

తెలుగు పుస్తకాల సంగతి చూస్తే, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి గారు పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఉంటూ పది లక్షల పుస్తకాల ప్రాజెక్టుకు పూనుకున్నారు. దానికి భారతీయ శాఖలాంటి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ఆ వెబ్‌సైటు తర్వాత మూతపడింది. అయినా ఈనాడు మనం ఆ పుస్తకాలను దించుకోగలుగుతున్నామంటే, వాటి కాపీలు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరి ఉండడం వల్లనే. ఆ ఆర్కైవ్ మీదా 2024 అక్టోబరులో దాడి జరిగింది, 3 కోట్లకు పైగా ఖాతాల వివరాలు బయటపడ్డాయి, సైటు కొన్ని రోజులు అందలేదు. పుస్తకాలు మాత్రం పోలేదు. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం 1999లో లాక్స్ అనే కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న సూత్రమూ ఇదే: కాపీలు ఎన్ని చోట్ల ఉంటే సరుకు అంత భద్రం. తాళపత్రం శిథిలమయ్యేలోగా మరో తాళపత్రం మీదికి ఎత్తి రాయించిన మన పెద్దలకు ఇది కొత్త విషయం కాదు.

పై విషయాలను చర్చించిన మీదట ఈ సభ కింది విధంగా తీర్మానిస్తున్నది.

కాపీలు, వేళలు

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 నియమాన్ని సంఘం తన నియమంగా స్వీకరిస్తున్నది. ప్రతి ఫైలుకూ 3 కాపీలు ఉండాలి, అవి 2 రకాల మాధ్యమాల మీద ఉండాలి, అందులో 1 ఊరికి దూరంగా ఉండాలి. మొదటిది నాస్ పెట్టె. రెండోది యూఎస్‌బీ డిస్కు. ఇలాంటి డిస్కులు రెండు కొని, నెల నెలా మొదటి ఆదివారం మార్చాలి. ఒకటి పెట్టెకు తగిలించి ఉంటే రెండోది బ్యాంకు లాకరులో ఉండాలి. ఎప్పుడూ తగిలించే ఉన్న డిస్కుకు పెట్టెకు పట్టిన తెగులే పడుతుంది కాబట్టి ఈ మార్పిడి తప్పనిసరి. మూడోది టెక్సాస్ వెలుపల ఉన్న క్లౌడ్ నిల్వ.

మూడో కాపీని డాలస్‌లో ఉన్న సభ్యుల ఇంట పెడితే ఖర్చు కలిసి వస్తుందని ఒక సవరణ వచ్చింది. సదుద్దేశంతో వచ్చినదే. 2017 ఆగస్టులో హార్వీ తుపాను హ్యూస్టన్‌ను ముంచెత్తినప్పుడు డాలస్ పొడిగానే ఉన్న మాట నిజం. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో మాత్రం హ్యూస్టనూ డాలసూ ఒకే విద్యుత్ గ్రిడ్డు మీద ఉండి ఒకేసారి చీకట్లో పడ్డాయి. పైగా ఇల్లు మారినా, ఉద్యోగం మారినా, సభ్యునికీ సంఘానికీ మాట పట్టింపు వచ్చినా కాపీ ఎక్కడుందో తెలియకుండా పోతుంది. సవరణ వీగిపోయింది.

పెట్టెలోనే ప్రతి గంటకూ ఒక స్నాప్‌షాట్, అంటే ఆ క్షణాన ఫైళ్లున్న స్థితికి గుర్తు, తీయాలి. గంటవారీవి ఒక రోజు, రోజువారీవి 30 రోజులు, వారంవారీవి 3 నెలలు, నెలవారీవి 2 సంవత్సరాలు నిలవ ఉంచాలి. రెండేళ్లు ఎందుకని సభలో ప్రశ్న వచ్చింది. మన కార్యవర్గం ఏటా మారుతుంది. పాత కార్యవర్గం హయాంలో తెలియకుండా చెరిగిన ఫోల్డరు కొత్త కార్యవర్గం సంచిక వేసేటప్పుడో, పాతికేళ్ల ఉత్సవానికి ఫొటోలు వెతికేటప్పుడో గాని బయటపడదు. నిలవ కాలం ఒక కార్యవర్గం ఆయుర్దాయం కంటే ఎక్కువగా ఉండాలి.

యూఎస్‌బీ డిస్కుకు ప్రతి రాత్రి, క్లౌడుకు ప్రతి ఆదివారం తెల్లవారుజామున, ఆ మధ్యకాలంలో మారిన ఫైళ్లు మాత్రమే వెళ్తాయి. ఈ పనులేవీ రాత్రి 1 గంటకూ 3 గంటలకూ మధ్య పెట్టరాదు. ఈ దేశంలో మార్చి రెండో ఆదివారం 2 గంటలు కాగానే గడియారం 3కు దూకుతుంది, నవంబరు మొదటి ఆదివారం 2 గంటలు కాగానే 1కి వెనక్కి వస్తుంది. ఆ వేళకు పెట్టిన పని ఒకసారి జరగకనే పోవచ్చు, మరోసారి రెండుమార్లు జరగవచ్చు. ఇండియాలో ఈ బెడద లేదు కాబట్టి అక్కడి మిత్రులు రాసిచ్చిన సెట్టింగులను కళ్లు మూసుకుని ఎక్కించవద్దని ఉపసంఘానికి సూచన. రాత్రి పని 3:30కి, ఆదివారం క్లౌడు పని 4:30కి మొదలుపెట్టాలి.

ఉగాది, వినాయక చవితి, బతుకమ్మ-దసరా, దీపావళి, సంక్రాంతి కార్యక్రమాల మర్నాడు ఫొటోలు ఎక్కించిన వెంటనే అదనంగా ఒక బ్యాకప్ నడపాలి. కెమెరా కార్డులను అది పూర్తయ్యాకే ఖాళీ చేయాలి.

మొదటిసారి క్లౌడుకు ఎక్కించడం గురించి ఒక మాట. పెట్టెలో 6 టెరాబైట్లు ఉన్నాయనుకుంటే, సెకనుకు 20 మెగాబిట్లు పైకి పంపే కేబుల్ కనెక్షన్ మీద అది దాదాపు 4 వారాల పని. మొదట పెద్దల జ్ఞాపకాల రికార్డింగులు, తర్వాత సంచికలు, ఆ తర్వాత లెక్కలు, చివరగా వేడుకల వీడియోలు, ఈ వరుసలో పంపాలి. మధ్యలో ఏదైనా జరిగితే పోకూడనివి ముందే చేరి ఉంటాయి.

తాళాలు, హెచ్చరికలు

రోజువారీ పనులకు వాడే ఖాతాతో బ్యాకప్ కాపీలను చెరపడం సాధ్యం కాకూడదు. బ్యాకప్‌కు వేరే ఖాతా, వేరే పాస్‌వర్డు, రెండంచెల ధ్రువీకరణ ఉండాలి. క్లౌడులో చేరిన కాపీని 90 రోజులపాటు నిర్వాహకుడు సైతం చెరపలేని విధంగా తాళం వేయాలి. పెట్టెను ఇంటర్నెట్‌కు తెరిచిన రౌటరు దారులన్నీ ఈ తీర్మానం ఆమోదం పొందిన వారంలోగా మూసివేయాలి. ఇంటినుంచి ఫొటోలు చూడడం కష్టమవుతుందని కొందరు సభ్యులు బాధపడ్డారు. కష్టమే. చూడవలసిన ఫొటోలను వేరే ఆల్బములో పెట్టి అందిస్తారు.

పెట్టెకు యూపీఎస్ తగిలించి, కరెంటు పోయిన కొద్ది నిమిషాల్లో దానంతట అదే సవ్యంగా ఆగిపోయేలా అమర్చాలి. 2024 జులైలో బెరిల్ తుపానుకు హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. రాస్తూ రాస్తూ ఆగిన డిస్కు తిరిగి లేస్తుందన్న హామీ లేదు.

బ్యాకప్ విఫలమైతేనే కబురు రావడమనే పద్ధతి ఇకమీదట చెల్లదు. ప్రతి సోమవారం ఉదయం, పని జరిగినా జరగకపోయినా, ఎన్ని ఫైళ్లు వెళ్లాయో తెలిపే ఈమెయిలు అధ్యక్ష, కార్యదర్శి, ఉపసంఘ పదవుల చిరునామాలకు రావాలి. సోమవారం మధ్యాహ్నానికి అది రాకపోతే బ్యాకప్ జరగలేదనే భావించి ఉపసంఘం కదలాలి. ఆ చిరునామాలు పదవులవే కావాలి, వ్యక్తులవి కారాదు.

తిరిగి తెచ్చి చూడడం

ఈ తీర్మానంలో సభ అన్నిటికంటే ఎక్కువసేపు చర్చించిన నిబంధన ఇది. తిరిగి తెచ్చి చూడని కాపీని ఈ సంఘం కాపీగా లెక్కించదు. ప్రతి మూడు నెలలకూ కార్యవర్గ సమావేశంలో చీటీలు తీసి పది ఫైళ్లు ఎంచాలి. వాటిలో కనీసం ఒకటి పాత క్యాసెట్ నుంచి వచ్చినది, ఒకటి లెక్కలది ఉండాలి. నాస్ పెట్టెను ముట్టుకోకుండా, సగం డిస్కు నుంచి, సగం క్లౌడు నుంచి వేరే ల్యాప్‌టాప్ మీదికి తెచ్చి తెరవాలి. వీడియో అయితే చివరిదాకా నడిపి చూడాలి. మొదటి నిమిషం ఆడినంత మాత్రాన సరిపోదు. ఎంతసేపు పట్టిందో మినిట్స్‌లో రాయాలి. ఆ పని ప్రతిసారీ ఒకే వ్యక్తి చేయకూడదు. కంప్యూటర్ రంగంలో లేని సభ్యుడు ఒకరు, ఉపసంఘం రాసిపెట్టిన కాగితం చూసుకుంటూ, ఎవరి సాయమూ లేకుండా చేయగలగాలి. చేయలేకపోతే తప్పు కాగితానిది, దాన్ని తిరిగి రాయాలి.

ఏటా ఉగాదికి ముందు ఒకసారి, పెట్టె పూర్తిగా పోయిందనుకుని, ఖాళీ యంత్రం మీద మొదటినుంచీ నిలబెట్టి చూడాలి. దాంతోపాటే ప్రతి ఫైలు చెక్‌సమ్‌నూ, అంటే దానిలోని సమాచారం నుంచి లెక్కగట్టిన సంఖ్యను, నిరుటి జాబితాతో సరిపోల్చాలి. డిస్కులో ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న ఫైలు ఎవరూ ముట్టుకోకుండానే పాడవవచ్చు, ఆ పాడైనదాన్నే బ్యాకప్ విశ్వాసంగా కాపీ చేయవచ్చు.

గూగుల్ డ్రైవ్‌తో సింక్ చేస్తే ఇవన్నీ అక్కర్లేదన్న సూచనను సభ ఆమోదించలేదు. సింక్ ఇక్కడ చెరిపినదాన్ని అక్కడా చెరుపుతుంది.

అప్పగింత

కొత్త కార్యవర్గం ప్రమాణం చేసిన 14 రోజుల్లోగా పాత కార్యవర్గం ఖాతాలు, పాస్‌వర్డులు, ఎన్‌క్రిప్షన్ తాళం అప్పగించాలి. తాళం కాగితం మీద రాసి రెండు సీలు కవర్లలో పెట్టి, ఒకటి అధ్యక్షుల దగ్గర, ఒకటి బ్యాంకు లాకరులో ఉంచాలి. తాళం పోయిన బ్యాకప్ ఎవరికీ పనికిరాదు. సంఘాలు డేటా పోగొట్టుకునేది హ్యాకర్ల వల్ల కంటే ఇలాంటి చోట్లే అని ఈ సభ అభిప్రాయం: కంప్యూటర్లు తెలిసిన ఒక యువకుడు అన్నీ తన ఫోనులో పెట్టుకుంటాడు, సియాటిల్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతాడు, అతని క్రెడిట్ కార్డు గడువు తీరగానే క్లౌడు ఖాతా ఆగిపోతుంది. అందుచేత క్లౌడు రుసుము సంఘం బ్యాంకు ఖాతా నుంచే చెల్లించాలి.

టెరాబైటుకు నెలకు సుమారు 6 డాలర్ల చొప్పున లెక్క వేసుకున్నాం. 6 టెరాబైట్లకు ఏడాదికి 432 డాలర్లు. కోశాధికారికి ఈ పద్దు కింద ఏటా 600 డాలర్ల దాకా, డిస్కులకూ యూపీఎస్‌కూ మొదటి ఏడు విడిగా ఖర్చు పెట్టే అధికారం ఇవ్వడమైనది. ఖర్చు ఎక్కువని అన్నవారికి కోశాధికారి కిందటి ఉగాది శాలువాల, మెమెంటోల బిల్లు చదివి వినిపించారు. ఆపైన అభ్యంతరం రాలేదు.

ఐఆర్‌ఎస్‌కు సమర్పించే ఫారం 990లో ఆరో భాగంలో, పత్రాలను ఎంతకాలం ఉంచాలో, ఎప్పుడు తీసివేయాలో తెలిపే లిఖిత విధానం సంస్థకు ఉందా అని ఒక ప్రశ్న ఉంటుంది. చిన్న సంఘాలు నింపే పొట్టి ఫారాల్లో ఆ ప్రశ్న లేకపోయినా, ఈ తీర్మానాన్ని అలాంటి విధానంగా నమోదు చేయడమైనది. నియమావళి, మినిట్స్, పన్ను మినహాయింపు లేఖ శాశ్వతంగా ఉండాలి. లెక్కల పత్రాలు 7 సంవత్సరాలు. సభ్యుల చిరునామాలు, బడిపిల్లల ఫొటోలు ఉన్న ఫోల్డర్లు ఎన్‌క్రిప్షన్ లేకుండా ఏ కాపీలోనూ ఉండరాదు. వాట్సాప్ శుభోదయాలు, ఒకే భంగిమలో ఇరవైసార్లు తీసిన ఫొటోలు భాండాగారంలో చేరవు. ఏవి చేరాలో ఉపసంఘం నిర్ణయమే తుది నిర్ణయం.

తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. వెంటనే అమలులోకి వస్తుంది. తొలి పరీక్ష ఫలితాన్ని ఉపసంఘం వచ్చే కార్యవర్గ సమావేశంలో సమర్పించాలి. పూర్వాధ్యక్షులూ, పూర్వ కార్యదర్శులూ తమ దగ్గర మిగిలిన సంఘ ఖాతాల పాస్‌వర్డులను ఉపసంఘానికి అందజేయాలనీ, గరాజుల్లో, అటకల మీద పాత కార్యక్రమాల క్యాసెట్లు ఉన్న సభ్యులు వాటిని వచ్చే ఉగాదిలోగా కార్యాలయానికి తెచ్చి ఇవ్వాలనీ ఈ సభ కోరుతున్నది. డిజిటల్‌గా మార్చిన తర్వాత క్యాసెట్లు తిరిగి ఇస్తాం.